బూల్ గారి అయిదుగురు అమ్మాయిలు

ఈ మధ్య నోవా జేకబ్స్ రాసిన "ద లాస్ట్ ఈక్వేషన్ ఆఫ్ ఐజాక్ సెవరీ" అనే నవల చదివాను. 2018లో వచ్చిన పుస్తకం. లాస్ ఏంజిలిస్‌లో ఒక పెద్ద గణితవేత్త చనిపోతాడు. సియాటిల్‌లో పుస్తకాల కొట్టు పెట్టుకుని ఈదలేక ఈదుతున్న మనవరాలికి, అదీ పెంచుకున్న మనవరాలికి, ఆయన చనిపోయాక ఆయన రాసిన ఉత్తరం అందుతుంది. తన చివరి సమీకరణాన్ని ఫలానా మనిషికి చేర్చమనీ, మిగతా పనంతా నాశనం చేసేయమనీ అందులో ఉంటుంది. ఇంట్లో లెక్కలొచ్చిన వాళ్ళు ఇంతమంది ఉండగా లెక్కలంటే భయపడే ఈ పిల్లకే ఎందుకు అప్పగించాడన్నది అసలు ముడి. కుటుంబంలో దాచిపెట్టిన సంగతులు ఒక్కొక్కటే బయటికొస్తుంటాయి.

నవల బాగానే ఉంది. కానీ సగంలోకి వచ్చేసరికి, ఇంతకంటే చిక్కుముడులున్న కుటుంబం ఒకటి నిజంగానే ఉంది కదా అనిపించి పుస్తకం పక్కన పెట్టేశాను. (తర్వాత పూర్తి చేశాను లెండి.) ఆ కుటుంబం జార్జ్ బూల్ గారిది. కంప్యూటర్ ఉద్యోగాలు చేసుకునే మనవాళ్ళందరికీ ఆ పేరు తెలుసు. బూలియన్ అని రోజుకు పదిసార్లు టైపు చేస్తాం. ఆ మనిషి ఎవరు, ఆ ఇంట్లో ఏం జరిగింది అన్నది మాత్రం నాకూ చాలా ఏళ్ళు తెలియదు.

బూల్ 1815లో ఇంగ్లండులోని లింకన్‌లో పుట్టాడు. తండ్రి చెప్పులు కుట్టేవాడు. చెప్పుల మీదకన్నా దుర్భిణులూ అద్దాలూ తయారు చెయ్యడం మీద మనసున్నవాడు, కాబట్టి వ్యాపారం ఎలా నడిచిందో ఊహించుకోవచ్చు. కొడుకు బడిలో కన్నా ఇంట్లో తనంతట తనే ఎక్కువ నేర్చుకున్నాడు. 14 ఏళ్ళకు ఒక గ్రీకు కవితను అనువదిస్తే తండ్రి మురిసిపోయి ఊరి పత్రికలో వేయించాడు. ఆ వయసు పిల్లవాడు ఇది చేసి ఉండడని ఒక బడిపంతులు అదే పత్రికకు రాశాడు. అదీ బూల్ జీవితంలో మొదటి మిస్టరీ. 16 ఏళ్ళకే ఉపాధ్యాయుడై ఇంటి బరువు నెత్తిన వేసుకున్నాడు. డిగ్రీ ఏదీ లేకుండానే 1849లో ఐర్లండులో కొత్తగా పెట్టిన కార్క్ క్వీన్స్ కాలేజీలో మొదటి గణిత ఆచార్యుడయ్యాడు.

ఆయన చేసిన పనిని రెండు ముక్కల్లో చెప్పుకోవచ్చు. ఒక కుప్పలోంచి తెల్లటి వస్తువులన్నీ ఏరండి. ఆ ఏరిన వాటిలోంచి మళ్ళీ తెల్లటివి ఏరండి. మళ్ళీ అవే వస్తాయి. అంటే ఈ ఏరడాన్ని ఎక్స్ అనుకుంటే, ఎక్స్‌ని ఎక్స్‌తో గుణిస్తే ఎక్సే రావాలి. మామూలు అంకెల్లో ఈ నియమానికి కట్టుబడేవి రెండే, సున్నా, ఒకటి. ఇంత చిన్న సంగతి మీద నిలబడి, మనిషి తర్కాన్నంతా బీజగణితంలో రాయవచ్చన్నాడు. 1847లో ఒక చిన్న పుస్తకం, 1854లో "లాస్ ఆఫ్ థాట్" అనే పెద్ద పుస్తకం వచ్చాయి. ఎనభై ఏళ్ళ తర్వాత క్లాడ్ షానన్ అనే విద్యార్థి ఇదే బీజగణితంతో విద్యుత్ స్విచ్చుల వలయాలను లెక్కగట్టవచ్చని చూపించాడు. తర్వాతి కథ మన జీతాల కథే.

ఇక కేసులోకి వద్దాం.

1855లో బూల్ మేరీ ఎవరెస్ట్‌ను పెళ్ళి చేసుకున్నాడు. ఆయనకు 39, ఆవిడకు 23. ఆవిడ మేనమామ అదే కాలేజీలో గ్రీకు ఆచార్యుడు. ఆయన్ని చూడటానికి 1850లో వచ్చినప్పుడు పరిచయం. తర్వాత కొన్నేళ్ళు ఉత్తరాల్లో పాఠాలు. ఆవిడ తండ్రి చనిపోయి చేతిలో ఏమీ లేని పరిస్థితి వచ్చినప్పుడు పెళ్ళి. తొమ్మిదేళ్ళలో అయిదుగురు ఆడపిల్లలు: మేరీ ఎలెన్, మార్గరెట్, అలీసియా, లూసీ, ఎథెల్.

1864 నవంబరులో ఒకరోజు బూల్ ఇంటినుంచి కాలేజీకి సుమారు మూడు మైళ్ళు వానలో నడిచి వెళ్ళాడు. తడి బట్టలతోనే పాఠం చెప్పాడు. జ్వరం వచ్చి ఊపిరితిత్తులకు పాకింది. డిసెంబరు 8న పోయాడు. వయసు 49.

చాలాచోట్ల ఈ కథ ఇంకో వాక్యంతో ముగుస్తుంది. వానలో తడిసి వచ్చిన జబ్బును నీళ్ళతోనే తగ్గించాలని భార్య తడి దుప్పట్లు కప్పిందనీ, బక్కెట్లతో నీళ్ళు పోసిందనీ, అందువల్లే పోయాడనీ. మొదటిసారి చదివినప్పుడు నేనూ నమ్మి, నలుగురికీ చెప్పాను. వినగానే గుర్తుండిపోయే కథ కదా, తర్కశాస్త్రం కనిపెట్టిన మనిషిని భార్య మూఢనమ్మకం చంపేసిందని. ఆధారం చూస్తే మాత్రం గట్టిదేం కాదు. మేరీ తండ్రికి హోమియోపతి అంటే ప్రాణం. దాన్ని కనిపెట్టిన హానెమాన్ దగ్గర వైద్యం కోసం కుటుంబాన్నంతా ఫ్రాన్సుకు తీసుకెళ్ళిన మనిషి. కాబట్టి అల్లుడింట్లోనూ ఇలాంటి వైద్యాలు నడిచాయంటే ఆశ్చర్యం లేదు. కానీ తడి దుప్పట్లను తమ కళ్ళతో చూశామని కూతుళ్ళు చెప్పలేదు. ఎవరో బంధువు చూశారట అన్న నోటిమాటే ఇంట్లో తరం తర్వాత తరం నడిచింది. తండ్రి పోయేనాటికి పెద్దమ్మాయికి ఎనిమిదేళ్ళు. చివరి పిల్లకు ఏడు నెలలు కూడా నిండలేదు. 1864లో ఊపిరితిత్తుల జబ్బుకు డాక్టర్లు చేసిన వైద్యం మాత్రం ప్రాణం నిలిపేదా? యాంటీబయాటిక్స్ లేని కాలమది. దుప్పట్లు తడివైనా పొడివైనా ఆయన బతికేవాడని చెప్పలేం. నా తీర్పు: నేరం రుజువు కాలేదు.

ఈ కథ ఆవిడ గురించి తర్వాత చెప్పాల్సిందంతా మింగేసిందన్నదే నా బాధ. బూల్ మీద రాసినచోట మేరీ తడి దుప్పట్ల ఆవిడగా వచ్చి వెళ్ళిపోతుంది.

మేరీ ఇంటిపేరు చూశారు కదా. ఆ పర్వతానికి పేరిచ్చిన జార్జ్ ఎవరెస్ట్ ఆవిడకు పెదతండ్రి. ఆయనకు మన నేలతో సంబంధం ఉంది. 1818లో విలియం లాంబ్టన్‌కు సహాయకుడిగా హైదరాబాదు వచ్చాడు. ఆ మర్నాటి సంవత్సరం కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో త్రిభుజాలు కొలుస్తూ జ్వరంతో పడిపోయాడు. బృందంలో చాలామంది మంచం పట్టారు, కొందరు పోయారు. ఆయన్ని మోసుకుంటూ హైదరాబాదు తెచ్చారు. కోలుకోవడానికి ఆఫ్రికా దక్షిణపు కొసకు ఓడెక్కాల్సి వచ్చింది. అప్పుడే పోయి ఉంటే ఆ కొండకు ఇప్పుడు వేరే పేరుండేది.

ఈ పెదతండ్రిని అడ్డం పెట్టుకుని మేరీ ముసలితనంలో పెద్ద మాట ఒకటి అంది. 1901లో జగదీశ్ చంద్ర బోసుకు రాసిన బహిరంగ లేఖలో, భారతదేశంలో ఒక పండిత బ్రాహ్మణుడు ఎవరెస్ట్‌కు గొప్ప రహస్యం బోధించాడనీ, ఆ ఆలోచన ఇంగ్లండు చేరి బాబేజ్, డి మోర్గన్, బూల్ ముగ్గురి పనిలోనూ కలిసిందనీ రాసింది. ఇది చదివితే మనకు ఛాతీ ఉప్పొంగుతుంది. వాట్సాప్‌లో ఇది ఏ రూపంలో తిరుగుతుందో మీకు చెప్పనక్కరలేదు. కానీ తేదీలు చూడండి. తర్కాన్ని బీజగణితంలో పెట్టవచ్చన్న మెరుపు బూల్‌కు 17 ఏళ్ళ వయసులో, పొలంలో నడుస్తుండగా తట్టిందని చెప్పింది కూడా మేరీయే. మొదటి పుస్తకం 1847లో వచ్చింది. ఆయనకు మేరీ పరిచయమయింది 1850లో. ఆవిడ ద్వారా ఆ ఆలోచన చేరే వీలు లేదు. ఇంకో దారిలో చేరిందనడానికి ఆవిడ మాట తప్ప సాక్ష్యం లేదు. తడి దుప్పట్ల కథకు వేసిన కొలతే దీనికీ వెయ్యాలి. మనకు నచ్చింది కదా అని తూకం మార్చకూడదు.

అయిదుగురు పిల్లలతో మేరీ లండన్ చేరింది. చిన్న పెన్షన్ ఒకటి వచ్చేది. హార్లీ స్ట్రీటులో ఆడపిల్లల కాలేజీలో లైబ్రేరియన్ పని దొరికింది. అక్కడి విద్యార్థినులకు వసతి గృహం కూడా నడిపింది. ఆడవాళ్ళను లెక్కల పాఠాలు చెప్పనివ్వని రోజుల్లో, సాయంత్రాలు ఆ పిల్లలతో కబుర్లు చెబుతున్నట్టే చెప్పేది. అట్ట మీద రెండు గీతల వెంబడి సమానదూరంలో చిల్లులు పెట్టి, రంగుదారంతో ఒక చిల్లు నుంచి ఇంకో చిల్లుకు తిన్నగా కుడుతూ పోతే, తిన్నని దారాల మధ్యలోంచి ఒక వంపు పుట్టుకొస్తుంది. సూదీ దారంతో పరావలయం. చుక్కల ముగ్గు వేసే చేతులకు ఇందులో ఏముందో వెంటనే తెలిసిపోతుంది. ఆ కుట్టుపని అట్టలను బళ్ళలోకి తెచ్చిన మనిషి మేరీ బూల్. సూత్రం చెప్పకముందు చేతికి తెలియాలి, పేరు తర్వాత పెట్టవచ్చు అన్నది ఆవిడ పద్ధతి. పిల్లల కోసం బీజగణితం మీద ఆవిడ రాసిన పుస్తకం 1909లో వచ్చింది.

పిల్లలు సుఖపడ్డారని మాత్రం అనలేను. అలీసియా చాలాకాలం తల్లికి దూరంగా బంధువుల దగ్గర పెరిగింది. తిరిగి లండన్ చేరాక అందరూ ఇరుకు చీకటి గదుల్లో ఉన్నారు. చివరి పిల్ల ఎథెల్‌ను ఎనిమిదేళ్ళప్పుడు తండ్రి తమ్ముడింటికి పంపారు. బొగ్గుగనిలో మేనేజరు, దేవుడి పేరు చెప్పి పిల్లల్ని కొట్టే రకం. చక్కెర ముక్క దొంగిలించావని, చెయ్యని తప్పు ఒప్పుకోమని ఆ పిల్లను వేధించాడు. పిల్ల మనసు దెబ్బతిని ఇంటికి తిరిగొచ్చింది. తల్లి మనసూ ఆ ఏళ్ళలో ఒకసారి పూర్తిగా చితికింది.

ఆ ఇంటికి ఒక కుర్రాడు వచ్చిపోయేవాడు. చార్లెస్ హోవర్డ్ హింటన్. అతని తండ్రి దగ్గర మేరీ సెక్రటరీగా పనిచేసింది. హింటన్‌కు నాలుగో పరిమాణం పిచ్చి. పొడవు, వెడల్పు, ఎత్తు కాక ఇంకో దిశ ఉందనీ, అలవాటు చేసుకుంటే మనసుతో దాన్ని చూడవచ్చనీ అతని నమ్మకం. అలవాటుకు చిన్న చిన్న చెక్క ఘనాలు బోలెడు తెచ్చి, ఒక్కొక్కదానికీ లాటిన్ పేరు పెట్టి, వాటి అమరికను కంఠస్థం చెయ్యమని చిన్న పిల్లలు ముగ్గురినీ కూర్చోబెట్టేవాడు. ఎథెల్‌కు ఆ పేర్ల చిట్టా అర్థం పర్థం లేని విసుగు. అలీసియాకు మాత్రం ఏదో తలుపు తెరుచుకుంది. ఆ పిల్లకు వచ్చిన రేఖాగణితమల్లా యూక్లిడ్ మొదటి రెండు పుస్తకాలు. కొన్నాళ్ళకే హింటన్‌కు తెలియనివి కూడా ఆమెకు కనబడసాగాయి.

హింటన్ 1880లో పెద్దమ్మాయి మేరీ ఎలెన్‌ను పెళ్ళి చేసుకున్నాడు. 1883లో జాన్ వెల్డన్ అనే దొంగపేరుతో మాడ్ ఫ్లారెన్స్ అనే ఇంకొకావిడను పెళ్ళాడాడు. ఆవిడకు కవలలు. 1886లో సంగతి బయటపడి లండన్ ఓల్డ్ బెయిలీ కోర్టులో కేసు నడిచింది. మూడు రోజుల జైలు శిక్ష, బడిపంతులు ఉద్యోగం పోవడం, దేశంలో ముఖం చూపించుకోలేకపోవడం. మేరీ ఎలెన్ అతన్ని వదల్లేదు. పిల్లలతో సహా జపాను వెళ్ళిపోయారు. అతను మధ్యలో వదిలేసి వెళ్ళిన పుస్తకాన్ని అలీసియా, ఇంకొక మిత్రుడు కలిసి పూర్తిచేసి 1888లో అచ్చు వేయించారు. నాలుగు పరిమాణాల ఘనానికి "టెసరాక్ట్" అన్న పేరు వచ్చింది ఆ పుస్తకంలోనే. అక్క కాపురంలో నిప్పు పోసిన మనిషి పుస్తకానికి చెల్లెలు ముందుమాట రాసింది. ఏ నవలాకారుడైనా ఈ ఘట్టాన్ని వదులుకుంటాడా?

జపానులో హింటన్ కొడుకులకు వెదురుబొంగులతో ఒక చట్రం కట్టాడు. కూడలికో సంఖ్య. నాన్న మూడంకెలు అరిస్తే పిల్లలు ఎక్కి ఆ చోటికి చేరాలి. మూడు పరిమాణాలు ఒంటికి పడితేనే నాలుగోది పడుతుందని అతని ఆశ. పిల్లలకు అంకెలు గుర్తులేవు, ఎక్కడం గుర్తుంది. వాళ్ళలో సెబాస్టియన్ అనేవాడు పెద్దయ్యాక అమెరికాలో, 1920ల్లో, దాన్ని ఇనుపగొట్టాలతో చేయించి పేటెంటు తీసుకున్నాడు. అదే జంగిల్ జిమ్. మా వీధి చివర పార్కులోనూ ఒకటుంది. ఏళ్ళ తరబడి పిల్లల్ని అక్కడ ఆడించాను, అది లెక్కల పరికరమని తెలియక. ఇక హింటన్ 1907లో వాషింగ్టన్‌లో హఠాత్తుగా పోయాడు. మరుసటి ఏడాది మేరీ ఎలెన్ తన ప్రాణం తనే తీసుకుంది. జార్జ్ బూల్ పెద్ద కూతురి గురించి గణిత చరిత్రలు చెప్పేది ఇంతే.

అలీసియా 1890లో వాల్టర్ స్టాట్ అనే భీమా గణకుణ్ణి పెళ్ళాడి, ఇద్దరు పిల్లలతో, పెద్ద డబ్బులేని సంసారంలో పడింది. అంట్లూ బట్టలూ అయ్యాక నాలుగో పరిమాణం. నారింజను చాకుతో వరసగా కోస్తే పెరిగి తరిగే గుండ్రటి ముక్కలు వస్తాయి. అలాగే నాలుగు పరిమాణాల ఆకారాన్ని మన లోకంతో కోస్తే ముక్కలుగా మామూలు ఘనరూపాలు వస్తాయి. ఆ ముక్కలు ఎలా ఉంటాయో ఆమె ఏ సమీకరణమూ లేకుండా చూడగలిగేది. చూసి, అట్టతో కత్తిరించి, రంగులేసి, అతికించి పెట్టుకునేది. మన లోకంలో అన్ని ముఖాలూ సమానంగా ఉండే ఘనరూపాలు అయిదు. నాలుగో పరిమాణంలో అలాంటివి ఆరని ఆమె తనంతట తనే తేల్చింది. అంతకుముందే ష్లాఫ్లి అనే స్విస్ గణితవేత్త అది నిరూపించాడని ఆమెకు తెలియదు. అలాంటి ఆకారాలను ఇప్పుడు ఇంగ్లీషులో పాలిటోప్ అంటారు. ఆ మాటను ఇంగ్లీషులోకి తెచ్చింది ఆమే.

నెదర్లాండ్స్‌లో గ్రోనింగెన్ ఆచార్యుడు స్కౌటే ఇవే ముక్కలను లెక్కలు కట్టి ప్రచురించాడని భర్త చూసి చెప్పాడు. అలీసియా తన అట్ట నమూనాల ఫొటోలు పంపింది. సరిగ్గా సరిపోయాయి. ఆ ఆచార్యుడు మారుమాట లేకుండా ఇంగ్లండు వచ్చి ఆమెతో కలిసి పనిచేశాడు. సుమారు ఇరవయ్యేళ్ళ పాటు. ఆయన పోయాక 1914లో గ్రోనింగెన్ విశ్వవిద్యాలయం ఆమెకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది. కాలేజీ గడప తొక్కని మనిషికి. తర్వాత మళ్ళీ ఇల్లూ వాకిలీ. 1930లో మార్గరెట్ కొడుకు, ప్రసిద్ధ భౌతిక శాస్త్రవేత్త జెఫ్రీ టేలర్, పిన్ని దగ్గరికి కాక్సెటర్ అనే 23 ఏళ్ళ కుర్ర గణితవేత్తను తీసుకొచ్చాడు. ఆమెకు 70. ఇద్దరూ జట్టుకట్టి పదేళ్ళు ఆకారాల గురించి మాట్లాడుకున్నారు. తర్వాత కాక్సెటర్ ఆ శతాబ్దపు మహా రేఖాగణితవేత్తల్లో ఒకడయ్యాడు. ఆవిడ గురించి మనకు ఇంత తెలియడానికి కారణం ఆయన రాసిపెట్టడమే.

నాలుగో అమ్మాయి లూసీ రసాయన శాస్త్రవేత్త అయి, ఆడవాళ్ళ వైద్యకళాశాలలో పాఠాలు చెబుతూ నలభై దాటగానే పోయింది.

మిగిలింది ఎథెల్. చెక్క ఘనాలంటే విసుక్కున్న పిల్ల. బెర్లిన్‌లో సంగీతం నేర్చుకుంది, రష్యా వెళ్ళి విప్లవకారుల కుటుంబాల మధ్య రెండేళ్ళుంది. సైబీరియా నుంచి పారిపోయి లండన్ చేరిన పోలిష్ విప్లవకారుడు విల్ఫ్రిడ్ వోయినిచ్‌ను చేసుకుంది. 1897లో "ద గాడ్‌ఫ్లై" నవల రాసింది. ఇటలీ స్వాతంత్ర్య పోరాటం నేపథ్యం. గురువుగా, ఆత్మబంధువుగా నమ్మిన మతాధికారి తన కన్నతండ్రేనని తెలిసి ఒక కుర్రాడు పగిలిపోవడం కథ. రష్యాలో, చైనాలో అది లక్షల మీద లక్షలు అమ్ముడుపోయింది. విప్లవ నవలగానే దానికి పేరు. నాకు మాత్రం అందులో తండ్రి ముఖం గుర్తులేని పిల్ల, చెయ్యని తప్పుకు శిక్షపడ్డ పిల్ల కనిపిస్తుంది. మూడు పరిమాణాలూ నాలుగు పరిమాణాలూ అక్కలకు వదిలేసి, ఆ ఇంటి ముడిని నవలలో విప్పుకున్నది ఎథెలేనని నా అనుమానం. రుజువు అడగకండి.

తర్వాత వోయినిచ్ విప్లవం మానేసి పాత పుస్తకాల వ్యాపారంలో పడ్డాడు. 1912లో ఎవరికీ చదవరాని లిపిలో, ఎక్కడా లేని మొక్కల బొమ్మలతో, స్నానాలు చేస్తున్న ఆడవాళ్ళ బొమ్మలతో 240 పేజీల చర్మపు పుస్తకం ఒకటి కొన్నాడు. ఎక్కడ కొన్నాడో చెప్పలేదు. చర్మం 1404కూ 1438కీ మధ్యదని 2009లో తేల్చారు. రెండు ప్రపంచయుద్ధాల గూఢలిపి నిపుణులు తలలు బద్దలు కొట్టుకున్నారు. ఈ రోజుకీ ఒక్క మాట ఒప్పుకోదగ్గట్టు ఎవరూ చదవలేదు. తర్కానికి లిపి రాసిన మనిషి కూతురి బీరువాలో, ఏ తర్కానికీ లొంగని లిపి. 1930లో భర్త పోయాక న్యూయార్కులో ముప్పై ఏళ్ళు ఆ పుస్తకం ఎథెల్ దగ్గరే ఉంది. తన నవల రష్యాలో ఇంటింటా ఉందన్న సంగతి కూడా ఆవిడకు తొంభై దాటాకే తెలిసింది, సోవియట్ వాళ్ళు వచ్చి చెబితే.

ఎథెల్ 1960లో పోయింది, 96 ఏళ్ళకు. పుస్తకంతో పాటు అంటించిన కవరు ఒకటి వదిలివెళ్ళింది, తను పోయాకే విప్పమని. దశాబ్దాలుగా ఆ ఇంటి వ్యవహారాలు చూసిన స్నేహితురాలు యాన్ నిల్‌కు ఆ రెండూ చేరాయి. కవరు విప్పారు. రోముకు దగ్గర్లో ఫ్రాస్కాటిలో జెసూట్ ఫాదరీల దగ్గర కొన్న పుస్తకమని ఉంది. మరుసటి ఏడాది ఆవిడ దాన్ని ఒక పుస్తక వ్యాపారికి 24,500 డాలర్లకు అమ్మింది. లక్షా అరవై వేలు చెప్పినా కొనేవాడు దొరక్క, అతను 1969లో యేల్ విశ్వవిద్యాలయానికి ఊరికే ఇచ్చేశాడు. ఇప్పుడు పేజీలన్నీ ఇంటర్నెట్లో ఉన్నాయి. రాత్రిళ్ళు నిద్రపట్టనప్పుడు తిప్పుతుంటాను. ఒకచోట నీలం పువ్వు, దాని పక్కనే, ఎవరో తడుముకోకుండా, కొట్టివేతలు లేకుండా, గుండ్రటి చేతిరాతతో రాసుకుంటూ పోయిన నాలుగు పంక్తులు.